డాన్సంటే పడని పిల్లలు కూడా ఉన్న బ్యాచ్‌కి కోలాటం నేర్పడం ఎలా

కోలాటం క్లాసు మొదలుపెట్టిన ప్రతిసారీ దాదాపు ఇదే బ్యాచ్ వస్తుంది. పదహారు మంది ఉంటే, అందులో డాన్స్ మీద ఇష్టంతో వచ్చినవాళ్లు నలుగురో ఐదుగురో. ఒకడికి క్రికెట్ పిచ్చి, కోల చేతికిస్తే బ్యాట్ పట్టినట్టే పడతాడు. ఒకమ్మాయి నోట్‌బుక్ అట్టల్ని కూడా వదలకుండా బొమ్మలు గీస్తుంది. ఒకడిది చెస్, ఇంకొకడిది ఫోన్‌లో గేములు. తబలా నేర్చుకునే పిల్ల ఒకతి, కథల పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చే పిల్ల ఒకతి. "మావాడికి పెద్దగా ఇంట్రెస్ట్ లేదండీ, ఇంట్లో ఉంటే ఫోన్ వదలట్లేదని పంపిస్తున్నాం" అని గుమ్మంలోనే చెప్పేసి వెళ్లిపోతారు తల్లిదండ్రులు. వాడు పక్కనే నిలబడి అంతా వింటుంటాడు.

నన్నడిగితే కోలాటానికి ఇలాంటి బ్యాచే మేలు. డాన్స్ బాగా వచ్చిన పిల్లల చూపు అద్దం మీద ఉంటుంది. తన చెయ్యి, తన నవ్వు, తన జడ. కోలాటంలో ఆ చూపు ఎదుటివాళ్ల కోల మీదికి మారాలి, లేకపోతే వేళ్లకి దెబ్బలే. ఈ అలవాటు మార్పించడానికి డాన్స్ వచ్చిన పిల్లలకి పట్టేంత టైమ్, ఏమీ రాని పిల్లలకి నేర్పడానికి పట్టదు.

ఇక్కడ రాస్తున్నది 8 నుంచి 12 ఏళ్ల పిల్లల గురించి, వారానికి రెండు క్లాసులు, ఒక్కోటి గంట చొప్పున. ఒక్క మాట ముందే చెప్తాను. "అందరూ ఫ్రెండ్స్‌లా ఉండాలి, సరేనా?" అని క్లాసులో అనకండి. "సరే టీచర్" అని కోరస్‌లో అంటారు, వెనక్కి తిరిగి ఎవరి గుంపులోకి వాళ్లు పోతారు. ఎదుటివాళ్లు లేకుండా తన అడుగు పూర్తి కాని పరిస్థితి కల్పించండి, మాటలు వాళ్లే మొదలుపెడతారు.

మొదటి వారం కోలలు దాచిపెట్టండి

పిల్లలు అడుగుతారు, గోల చేస్తారు. అయినా ఇవ్వొద్దు. ఎదురెదురుగా నిలబెట్టి చేతులతో మొదలుపెట్టండి: ఒకటికి తన చప్పట్లు, రెండుకి ఎదుటివాళ్ల కుడిచేతితో కుడిచెయ్యి, మూడుకి మళ్లీ తన చప్పట్లు, నాలుగుకి ఎడమచెయ్యి. నోటితో "తకధిమి, తకధిమి" అనిపించండి. నాలుగు అక్షరాలు, నాలుగు దెబ్బలు. అది కుదిరాక చేతులు అలాగే ఉంచి కాళ్లు కలపండి. కాళ్లు కలపగానే చేతులు పోతాయి, అది మామూలే. మాట మాత్రం ఆగకూడదు. నోట్లో లెక్క నడుస్తుంటే కాళ్లూ చేతులూ నెమ్మదిగా దారికొస్తాయి.

పదేళ్లు దాటిన మగపిల్లలూ ఆడపిల్లలూ ఒకరి చెయ్యి ఒకరు తాకడానికి సిగ్గుపడతారు. బలవంతం చెయ్యొద్దు. న్యూస్‌పేపర్ గట్టిగా చుట్టి టేపు వేసి చేసిన కోలలు వాళ్ల చేతికి ఇవ్వండి. తగిలినా నొప్పి ఉండదు, చప్పుడూ తక్కువ. కోలాటంలో సుఖమే అది, మధ్యలో కోల ఉంటుంది కాబట్టి ముట్టుకోవాల్సిన పని లేదు. కానీ కళ్లు ఎత్తి చూడక తప్పదు. సిగ్గు వదిలించడానికి అంతకన్నా ఏం కావాలి?

అసలు కోలలు ఇచ్చేటప్పుడు మూడు సంగతులు చూడండి. కింది చివర దగ్గర వదులుగా పట్టుకోవాలి, బొటనవేలు కోల మీద నిలువుగా ఆన్చకూడదు. దెబ్బ కోల పైభాగంలో పడాలి, మధ్యలో పడితే ఎదుటివాళ్ల వేళ్లు దగ్గరైపోతాయి. కదలాల్సింది మణికట్టు, భుజం కాదు. క్రికెట్ పిల్లాడికి ఇది ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. వాడికి "డిఫెన్స్ ఆడు" అని చెప్పి చూడండి, వెంటనే అర్థమవుతుంది. ఇంకోటి: పొడుగు, పొట్టి జంట కలిసినప్పుడు కోలలు కలిసే ఎత్తు పొట్టివాళ్ల ఛాతీ దగ్గర ఉండాలి. వంగాల్సింది పొడుగువాళ్లే. పొట్టివాళ్లు చెయ్యి పైకెత్తి కొడితే కోల జారి మొహానికి తగులుతుంది.

చప్పుడు పడని పిల్లలు ఒకరిద్దరు ఉంటారు. పదహారు జతల కోలలు ఒక్కసారి మోగితే చెవులు మూసుకుంటారు. వాళ్లని పక్కన కూర్చోబెట్టే బదులు అందరి కోలల చివర్లకీ కొన్నాళ్లు గుడ్డ చుట్టేయండి.

జంటలు మార్చడంలో ఒక తిరకాసు

కోలాటం రెండు వలయాలు. లోపలివాళ్లు బయటికి చూస్తారు, బయటివాళ్లు లోపలికి చూస్తారు. కొంతసేపు ఆడాక ఒక చోటు జరిగితే కొత్త జంట ఎదురవుతుంది. అందువల్ల ఫలానావాళ్ల పక్కనే ఉంటానని పేచీ పెట్టేవాళ్లని విడదీసే చెడ్డపేరు మనకి రాదు, వలయమే విడదీస్తుంది. ఆ ప్రాణస్నేహితుల జంటని మొదట్లోనూ చివర్లోనూ ఎదురెదురుగా ఉంచితే చాలు, మధ్యలో ఎక్కడికి పంపినా వెళ్తారు.

తిరకాసు ఎక్కడంటే, "అందరూ మీ కుడికి ఒక చోటు జరగండి" అని చెప్పేస్తుంటాం. ఎదురెదురుగా ఉన్నవాళ్లు తమ తమ కుడికి జరిగితే రెండు వలయాలూ వ్యతిరేక దిక్కుల్లో వెళ్తాయి, అంటే ఒక్కో మార్పుకి మధ్యలో ఒకరిని దాటేస్తాం. ఎనిమిది జంటలు ఉంటే ఎదుటి వలయంలో నలుగురితోనే మళ్లీ మళ్లీ ఆడతాం, మిగతా నలుగురు ఎప్పటికీ ఎదురు రారు. జంటల సంఖ్య సరిసంఖ్య అయినప్పుడల్లా ఇంతే. ఏడో తొమ్మిదో జంటలైతే ఈ ఇబ్బంది లేదు.

ఒక బ్యాచ్‌లో దీన్ని చెస్ పిల్లాడే పట్టుకున్నాడు. "టీచర్, నాకు ఆ బొమ్మల అమ్మాయి ఒక్కసారి కూడా రావట్లేదు" అన్నాడు. వస్తుందిలే అన్నా వినలేదు. బ్యాగులోంచి చెస్ పావులు తీసి నేల మీద రెండు వరసలు గుండ్రంగా పేర్చాడు, నల్లవి లోపల, తెల్లవి బయట. రెండు వరసల్నీ జరిపి జరిపి చూపిస్తుంటే ఆ అమ్మాయే వచ్చి పక్కన గొంతుక్కూర్చుంది. "నల్లవాటిని కదపకు, తెల్లవాటినే జరుపు" అంది. ఎనిమిది విడతల్లో ఎనిమిది మందీ కలిశారు. అంతవరకూ ఆ ఇద్దరికీ మాటల్లేవు. ఆ రోజు క్లాసు అయ్యాక కూడా పావులు జరుపుతూనే ఉన్నారు, ఇంటికి పంపడానికి గేటు వెయ్యాల్సి వచ్చింది.

కాబట్టి బయటి వలయం మాత్రమే జరగాలి. ఎనిమిది విడతలకి లోపలివాళ్లు బయటివాళ్లందరితో ఆడేస్తారు. కానీ లోపలివాళ్లు తమలో తాము ఇంకా కలవలేదు కదా. అప్పుడు పెద్ద వలయాన్ని విడగొట్టి రెండు చిన్న కోలాటాలు చెయ్యండి. లోపలి ఎనిమిది మందిలో నలుగురు లోపల, నలుగురు బయట. బయటి ఎనిమిది మందీ అలాగే. వీటిలో నాలుగు విడతలు. తర్వాత నలుగురేసి గుంపులు, రెండు విడతలు. చివరికి మిగిలిన ఇద్దరిద్దరూ ఒకసారి. ఎనిమిది, నాలుగు, రెండు, ఒకటి: మొత్తం పదిహేను జంటలతో పదహారు మందిలో ప్రతి ఒక్కరూ మిగతా అందరితోనూ ఆడినట్టే. ఒక్క క్లాసులో కాదు, ఒక నెలకి పరచుకోండి. లిస్టు గోడకి అంటించండి. ఎవరితో ఇంకా ఆడలేదో పిల్లలే టిక్కులు పెట్టుకుంటారు.

బేసి సంఖ్య వచ్చిన రోజు "నువ్వు ఆగు, తర్వాత ఆడుదువుగాని" అని ఎవరితోనూ అనొద్దు. ఎప్పుడూ ఆ మాట పడేది ఒకే పిల్ల, గమనించండి. లోపలి వలయంలో ఒక చోటు ఖాళీ ఉంచి అక్కడ ఒక జత చిడతలు పెట్టండి. బయటి వలయం తిరుగుతూ ఎవరు ఆ చోటికి ఎదురొస్తే వాళ్లు ఆ విడతకి చిడతలు వాయిస్తారు, మార్పు రాగానే పెట్టేసి ముందుకి కదులుతారు. నాలుగు మార్పులయ్యేసరికి చిడతల చోటు కోసం పోటీ మొదలవుతుంది.

"నువ్వే తప్పు కొట్టావ్"

కోలాటం క్లాసులో ఎక్కువగా వినిపించే మాట ఇదే. కోల గాల్లో ఊగింది, చప్పుడు రాలేదు. ఇద్దరిలో ఒకరు తొందరపడ్డారు, లేకపోతే ఇంకొకరు ఆలస్యం చేశారు. ఎవరన్నది తేల్చే పని పెట్టుకుంటే ఆ గంట దానికే సరిపోతుంది. నా క్లాసులో రూలు ఒకటే: దారి తప్పినవాళ్లు రెండు కోలలూ తల మీద అడ్డంగా పట్టుకుని ఉన్నచోటే నిలబడాలి, మాట్లాడకూడదు. మళ్లీ "ఒకటి" వచ్చినప్పుడు కలవాలి. వలయం వాళ్ల కోసం ఆగదు, వాళ్లని వదిలేసి పోదు కూడా. నాలుగు లెక్కల్లో మళ్లీ అదే "తకధిమి" వస్తుంది కాబట్టి ఎక్కే చోటు ఎప్పుడూ దగ్గర్లోనే ఉంటుంది. ఎదుటివాళ్లు కూడా ఆ నాలుగు లెక్కలూ ఆగి, కలిసి మొదలుపెట్టాలి. తప్పు చేసినవాళ్లొక్కరే ఆగితే అది శిక్షలా కనపడుతుంది.

మెచ్చుకోలు కూడా జంటకే. "నువ్వు బాగా చేశావ్" అన్నారంటే ఆ పిల్ల మళ్లీ అద్దం వైపు తిరుగుతుంది. "మీ ఇద్దరి కోలలూ ఒకే చప్పుడు చేశాయి" అనండి.

ఎవరి పిచ్చి వాళ్లకి పని

రెండో వారం నుంచి ప్రతి ఒక్కరికీ తన ఇష్టానికి దగ్గరగా ఉండే పని ఒకటి అప్పగించండి. ఆ పని లేకపోతే కోలాటం నడవకూడదు, ఉత్తుత్తి పని ఇస్తే వాళ్లకి తెలిసిపోతుంది.

తబలా పిల్లకి వేగం అప్పగిస్తాను. పిల్లలు ఉత్సాహం పెరిగేకొద్దీ పరిగెత్తుతారు, పాట మొదలుపెట్టిన వేగం చివరికి ఉండదు. ఆమె ఒక చెయ్యి పైకెత్తితే పరిగెత్తుతున్నామని అర్థం. టీచర్ ఆపమంటే మూతి ముడుచుకునేవాళ్లు ఆ అమ్మాయి చెయ్యి ఎత్తితే నవ్వుకుంటూ తగ్గుతారు. కథల పుస్తకం పిల్ల నలుగురిలో నోరు విప్పదు, కానీ పాట మాటలు ఒక్కసారి వింటే వచ్చేస్తాయి. కోలాటం పాటల్లో ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు కదా, ఆ ఎత్తుకునే పని ఈమెది. మొదట్లో ఒంటరిగా పాడమనకండి, తబలా పిల్లని పక్కన నిలబెట్టి ఇద్దరి చేతా పాడించండి. నెమ్మదిగా ఒకరు తప్పుకోవచ్చు.

బొమ్మలమ్మాయి సుద్దముక్కతో నేల మీద దారులు గీస్తుంది, లోపలి వలయానికి ఒక రంగు, బయటికి ఇంకో రంగు. ఫోన్ పిల్లాడిని మేడమెట్ల మీదికి ఎక్కించి పైనుంచి వీడియో తీయించండి. కింద నిలబడ్డవాళ్లకి వలయం గుండ్రంగానే ఉందనిపిస్తుంది. వీడియోలో చూస్తే కోడిగుడ్డులా సాగి ఉంటుంది. ఎక్కడ సాగిందో వాడు వేలుపెట్టి చూపిస్తాడు. నేను పది రోజులు "గుండ్రంగా, గుండ్రంగా" అని అరిచినా రానిది ఆ వీడియోతో వస్తుంది. (చూడగానే డిలీట్ చేయించండి. పిల్లల వీడియోలు గ్రూపుల్లో తిరగడం తల్లిదండ్రులందరికీ ఇష్టం ఉండదు.)

క్రికెట్ పిల్లాడి దగ్గర నేను ఒక పద్ధతి అరువు తెచ్చుకున్నాను. రన్ తీసేటప్పుడు వాళ్లు ముందే ఒక మాట అరుస్తారు కదా, వస్తున్నానా, ఆగమన్నానా అని. జంట మారే ముందు ఆఖరి దెబ్బకి వాడు "మారు!" అని అరుస్తాడు. అదివరకు ఈల వేసేదాన్ని. ఈల కన్నా వాడి గొంతుకే పిల్లలు బాగా కదులుతారు.

మూడు వారాలకోసారి పనులు మార్చండి. లేకపోతే "వాడు చెస్ వాడు, ఈమె బొమ్మల అమ్మాయి" అని ముద్ర పడిపోతుంది. మార్చినప్పుడు కొత్తవాళ్లకి పాతవాళ్లే నేర్పాలి, మీరు కల్పించుకోవద్దు. క్రికెట్ పిల్లాడు సుద్దతో గీసిన వలయం ఎలా ఉంటుందో మీకే తెలుస్తుంది, పర్వాలేదు, ఆడనివ్వండి. ఇంకో సంగతి, పని ఉందని ఆట ఎగ్గొట్టడం కుదరదు. వీడియో తీసినవాడు కూడా కిందికి దిగి కోలలు పట్టుకోవాల్సిందే.

అసలు ఆడనని భీష్మించుకునే పిల్లలు అరుదుగా ఉంటారు. రెండు వారాలు చిడతలతో కూర్చోనివ్వండి. అప్పటికీ లేవకపోతే తల్లిదండ్రులకి ఉన్నమాట చెప్పేయండి. ఫీజు కోసం పట్టి ఉంచితే ఆ పిల్లకీ మంచిది కాదు, వలయానికీ మంచిది కాదు.

జడ అల్లేటప్పుడు

జడ కోలాటం చివరి నెలకి ఉంచుకోండి. ఎత్తైన కొక్కేనికి తాళ్లో, రంగుగుడ్డ పట్టీలో కట్టి, ఒక్కో పిల్ల ఒక్కోటి పట్టుకుని తిరుగుతూ జడ అల్లడం, మళ్లీ విప్పడం. చూసేవాళ్లకి అల్లడం గొప్పగా ఉంటుంది, చేసేవాళ్లకి విప్పడంలో తెలుస్తుంది.

ఎనిమిది మందితో మొదలుపెట్టండి. నాలుగు ఎర్ర తాళ్లు, నాలుగు పసుపు, ఒకటి విడిచి ఒకటి. ఎర్రవాళ్లందరూ ఒక దిక్కుకి, పసుపువాళ్లు ఎదురు దిక్కుకి. మొదట ఎదురైనవాళ్లని ఎర్రవాళ్లు లోపలి నుంచి దాటతారు, తర్వాత ఎదురైనవాళ్లని బయటి నుంచి, మళ్లీ లోపల, మళ్లీ బయట. పసుపువాళ్లది సరిగ్గా దీనికి తిరగేసి. తాళ్లు ఇవ్వకముందే "లోపల, బయట, లోపల, బయట" అని అరుచుకుంటూ ఒట్టి చేతులతో తిరగాలి. అరుపు లేకుండా తిరగగలిగిన రోజు తాళ్లు ఇవ్వండి. ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో కోల అనేది ఆ తర్వాతి మాట.

దాటేటప్పుడు లోపలి నుంచి వెళ్లేవాళ్లు వంగాలి, బయటి నుంచి వెళ్లేవాళ్లు తాడున్న చెయ్యి పైకెత్తాలి. ఎత్తకపోతే ఎదుటివాళ్ల తలకి తాడు తగులుతుంది. మరుక్షణం పాత్రలు మారతాయి, ఎత్తినవాళ్లు వంగాలి. తాడు బిగువుగా ఉండాలి, లాగకూడదు. ఒకరు వదులు చేస్తే ఆ పక్క జడ ఉబ్బుతుంది.

ఇక విప్పేటప్పుడు అందరూ వెనక్కి తిరుగుతారు. ఇక్కడ ప్రతి బ్యాచూ పడే చోటు ఒకటుంది. ఆఖరున ఎవరిని లోపలి నుంచి దాటారో, తిరిగాక మొదట వాళ్లనే, మళ్లీ లోపలి నుంచే దాటాలి. పిల్లల నోట్లో "లోపల, బయట" వరస నడుస్తుంటుంది కాబట్టి తిరగగానే బయటికి పోతారు. చిక్కు పడుతుంది. కాబట్టి అల్లడం ఆపే చోట "ఆఖరిది ఏది?" అని గట్టిగా అడగండి, అందరూ జవాబు చెప్పాకే తిరగనివ్వండి.

ఎంత చేసినా చిక్కు పడుతుంది. ఒక్కరు ఒక్కసారి తప్పు దాటినా ముడి ఎనిమిది మందిదీ. ఎవరు ముందు చూస్తే వాళ్లు "ఆగు" అనాలి, అందరూ తాళ్లు వదలకుండా నిలబడాలి. ఎవరు చేశారని అడగకండి, ఎక్కడ రంగు తప్పిందని అడగండి. ఇక్కడ బొమ్మలమ్మాయి కళ్లు పనికొస్తాయి, "ఎర్ర పక్కన ఎర్ర పడింది" అని ఆమె చెప్పేస్తుంది. ఎన్ని అడుగులు వెనక్కి పోవాలో చెస్ పిల్లాడు లెక్క కడతాడు. మీరు కుర్చీ ఎక్కి ముడి విప్పేయకండి. చేతులు దురద పెడతాయి, అయినా ఆగండి. ఒక ముడి విప్పుకోవడానికి సగం క్లాసు పోయినా ఫర్వాలేదు, ఆ సగంలో వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నంత ఏ రోజూ మాట్లాడుకోరు.

స్టేజీ రోజు

"మా పాపని ముందు వరసలో పెట్టండి" అనే ఫోన్లు మొదలవుతాయి. వలయానికి ముందు వరస లేదని చెప్పండి. అందరూ ఒకసారి ముందుకొస్తారు, అందరూ ఒకసారి వెనక్కి పోతారు. ఫొటోల కోసం రిహార్సల్ రోజున తల్లిదండ్రుల్ని పిలిచి ఒక్కో జంటనీ విడిగా ఆడించండి, సగం గొడవ అక్కడే తీరుతుంది.

ఎవరో ఒకరికి ఆ రోజు జ్వరం వస్తుంది. వస్తుందనే లెక్కతో ఆఖరి వారం ప్రతి ఒక్కరి చేతా లోపలి వలయమూ, బయటి వలయమూ రెండూ ఆడించండి. ఒకరు తగ్గితే చిడతల చోటు ఉండనే ఉంది. జడ కోలాటంలో మాత్రం ఎర్రతాడు పిల్ల రాకపోతే పక్కనున్న పసుపు తాడు కూడా తీసేయాలి. ఒకటి విడిచి ఒకటి ఉండే వరస చెడకుండా ఆరుగురు మిగులుతారు. ఆ పసుపు తాడు పిల్ల చేతికి వేగం చూసే పని ఇవ్వండి, ఏడుపు మొహం పెట్టకముందే ఇవ్వండి. తీసేసిన రెండు తాళ్లనీ పైకి చుట్టి కొక్కేనికే గట్టిగా కట్టేయండి. వేలాడుతూ ఉంటే తిరిగే హడావుడిలో ఎవరో ఒకరు తమది వదిలేసి దాన్ని పట్టుకుంటారు.